చివరిసారి బాగా ఉన్నది ఎప్పుడు చూశారు?

మా నాయనకి బ్యారన్ కాడ, అంటే పొగాకుని వేడి మీద ఆరబెట్టే కొట్టం కాడ, ఒక నోటుబుక్కు ఉంటుంది. పొగాకు క్యూరింగు మొదలైతే ఆరేడు రోజులు రాత్రీ పగలూ వేడి కాచుకుని కూర్చోవాలి. మంట ఎక్కువైతే ఆకు మాడుతుంది, తగ్గితే రంగు చెడుతుంది, వేలంలో ధర పోతుంది. అందుకని అరగంటకోసారి థర్మామీటరు చూసి, టైమూ డిగ్రీలూ ఆ పుస్తకంలో రాసుకుంటాడు. ముప్ఫై ఏళ్ళ అలవాటు. చదువుకుంది ఎనిమిదో తరగతే అయినా అంకెలు మాత్రం ముత్యాల్లా ఉంటాయి. కిందటేడు కాక అంతకు ముందు సీజన్లో, ఫిబ్రవరిలో ఒక పొద్దున, పక్షవాతం వచ్చిన మా నాయనకి రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షను ఇవ్వొచ్చా లేదా అన్నది ఆ పుస్తకమే తేల్చింది.

మాది కొండపి పక్క పల్లె. నేను ఒంగోల్లో హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఆ రోజు 5 గంటల 40 నిమిషాలకి అమ్మ ఫోన్ చేసింది. "అబ్బయ్యా, మీ నాయన బ్యారన్ కాడ గోడకి ఆనుకుని కూలబడుండాడు. కుడి చెయ్యి లేవట్లా. మాట ముద్దగా వస్తా ఉంది" అంది. నేను అన్న మొదటి మాట ఇప్పటికీ గుర్తుంది: "ముందు మన ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరికి తీసుకుపోండి, నేను బయల్దేరుతున్నా." ఆ మాట అనకుండా ఉండాల్సింది. మూతి వంకర పోయి, చెయ్యి పడిపోయి, మాట తడబడుతోందంటే ఊళ్ళో ఆగే పనే లేదు. 108కి ఫోన్ చేయమని చెప్పాల్సింది. నాకు ఆ సంగతి తెలియక కాదు, బళ్ళో పిల్లలకి పోస్టరు మీద చూపించిన వాణ్ణే. మన ఇంట్లో మనిషి అనేసరికి చేతికి అందిన మనిషి కోసమే వెతుకుతాం.

ఆర్‌ఎంపీ బీపీ చూశాడు, పైది 200 దాటింది. నాలుక కింద ఒక మాత్ర పెట్టాడు. బీపీ దిగితే చెయ్యి వస్తుందని ముక్కాలు గంట సేపు బల్ల మీద పడుకోబెట్టాడు. ఆయన చెడ్డవాడు కాదు. అర్ధరాత్రి తలుపు కొట్టినా లేచే మనిషి, మా ఊరికి ఆయనే దిక్కు. అయితే పక్షవాతం వచ్చిన మొదటి గంటల్లో బీపీని అట్టా ఒక్కసారిగా దించేస్తే, గడ్డ అడ్డుపడ్డ నాళం అవతల ఎట్టాగో బతికి ఉన్న మెదడుకి అందే ఆ కాస్త రక్తం కూడా తగ్గిపోతుందని మాకు తర్వాత ఒంగోలు ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. గడ్డ వల్ల వచ్చినదైతే, కరిగించే ఇంజెక్షను ఇవ్వని పక్షంలో, పైది 220 దాటేదాకా సాధారణంగా బీపీని ముట్టుకోరట. ఇంజెక్షను ఇచ్చేట్టయితే పైది 185, కిందది 110 లోపలికి మెల్లగా, సెలైన్ సూది గుండా మందిచ్చి, చూసుకుంటూ దించుతారు. ఏది ఎంత దించాలన్నది స్కాన్ చూశాకే తెలిసేది. నాలుక కింద మాత్రకి ఆ విచక్షణ ఉండదు.

పక్కింటి వాళ్ళ కారులో 6 గంటల 40కి బయల్దేరదీశారు. నేను టంగుటూరు దగ్గర ఎదురై అదే కారెక్కాను. నాయన కళ్ళు తెరిచే ఉన్నాడు. నన్ను చూసి ఏదో అన్నాడు, మాటలు కాదవి, శబ్దాలు. ఎడం చేత్తో నా మణికట్టు పట్టుకుని ఒంగోలు దాకా వదల్లేదు.

మొదట పోయిన ఆసుపత్రిలో బోర్డు మీద సీటీ స్కాన్ అని పెద్ద అక్షరాలున్నాయి. లోపలికి పోతే స్కాన్ తీసే అబ్బాయి తొమ్మిదింటికి వస్తాడన్నారు. "ఈలోపల సెలైన్ పెడదాం, అడ్మిషను రాయించండి" అన్నారు. అక్కడ పోయినవి పాతిక నిమిషాలు. వార్డు బాయ్ ఒకతను నన్ను పక్కకి పిలిచి, "సార్, ఇక్కడ ఆగబాకండి, రాత్రీ పగలూ స్కాన్ ఉండే చోటికి పోండి" అని చెప్పి ఒక పేరు చెప్పాడు. అతనెవరో ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత ఒకసారి వెతుక్కుంటూ పోయాను, పని మానేశాడన్నారు.

రెండో చోట 7 గంటల 55కి దించాం. అక్కడ పద్ధతే వేరుగా ఉంది. కాగితాలు, డబ్బులు తర్వాత అన్నారు. వేలి చివర పొడిచి షుగరు చూశారు, ఎందుకంటే షుగరు బాగా పడిపోయినా ఇట్టాగే పక్షవాతంలా కనపడుతుందట. తిన్నగా స్కాన్ గదికి తోశారు. 8 గంటల 10కి ఫిల్ము వచ్చింది. "సీటీలో ఏమీ లేదు" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది, అంటే పక్షవాతం కాదేమో అనుకున్నా. డాక్టరమ్మ సర్ది చెప్పింది: మొదటి గంటల్లో గడ్డ వల్ల వచ్చిన దెబ్బ మామూలు సీటీలో చాలాసార్లు కనపడదు. వాళ్ళు చూసేది లోపల నెత్తురు కారిందా అని. కారలేదు, కాబట్టి ఇది గడ్డే. కారి ఉంటే ఈ ఇంజెక్షను ప్రాణం తీస్తుంది. బయట చూస్తే రెండూ ఒకటే, చెయ్యి పడిపోతుంది, మాట పోతుంది. అందుకే స్కాన్ లేకుండా ఎవరూ, ఆస్పిరిన్ మాత్ర కూడా, నోట్లో వెయ్యకూడదు.

అప్పుడు అడిగింది ఆమె. "చివరిసారి బాగా ఉన్నది ఎప్పుడు చూశారు?"

"అయిదుంబావు అయిదున్నరకి కూలబడి కనిపించాడమ్మా" అన్నాను.

"కనిపించింది కాదండీ. మామూలుగా ఉండగా, చక్కగా మాట్లాడుతూ, నడుస్తూ ఉండగా చివరిసారి ఎవరు చూశారు, ఎన్నింటికి?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. "మూడున్నరకి ఫ్లాస్కులో టీ ఇచ్చొచ్చానమ్మా. బాగానే ఉండాడు. కట్టెలు తడిగా ఉండాయని కసురుకున్నాడు కూడా."

మూడున్నర. డాక్టరమ్మ గోడ గడియారం చూసింది. 8 గంటల 15. గడ్డ కరిగించే మందుకి గడువు నాలుగున్నర గంటలు. మూడున్నర నుంచి లెక్కేస్తే 8కే అయిపోయింది. ఆమె మొహంలో ఆ లెక్క నాకు కనపడింది. లెక్కల మేష్టర్ని కదా, నేనూ అదే కూడిక వేసుకుంటున్నా. "మధ్యలో ఇంకెవరూ చూడలేదా? ఫోన్ ఏమన్నా మాట్లాడారా?" అని మళ్ళీ అడిగింది. లేదన్నాం. మూడోసారి అడిగినప్పుడు అమ్మే అంది, "పుస్తకంలో రాసుంటాడు గదరా."

బ్యారన్ దగ్గర మంట చూస్తున్న కుర్రాడికి ఫోన్ చేశాను. రెండు నిమిషాల్లో వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. నీలం పెన్ను. 3.00 – 126. 3.30 – 127. 4.00 – 128. 4.30 – 129. నాలుగు వరసలూ గీత మీద నిలబడి ఉన్నాయి. దాని కింద 5 వేసి, చుక్క పెట్టి, ఆ తర్వాత పెన్ను కాగితం మీద ఏటవాలుగా కిందికి జారిపోయింది. ఆ గీత పేజీ అంచు దాకా పోయింది.

డాక్టరమ్మ ఫోన్ తీసుకుని ఫొటో పెద్దది చేసి చూసింది. "ఈయన కుడి చేత్తోనే రాస్తారా?" అని అడిగింది. అవునన్నాం. నాలుగున్నరకి కుడి చెయ్యి బాగుంది, చూసిన డిగ్రీ సరిగ్గా రాసే తెలివీ ఉంది. అయిదింటికి చెయ్యి పోయింది. అంటే 9 దాకా గడువుంది. ఆమె ఫొటో తన ఫోన్‌కి పంపించుకుని కేస్ షీటులో టైము రాసి, "సంతకం ఎవరు పెడతారు?" అంది.

సంతకానికి ముందు ఆమె చెప్పినవి రెండే రెండు విషయాలు, నిలబడే చెప్పింది. ఈ మందుతో మూడు నెలల తర్వాత ఎవరి సాయం లేకుండా బతికే అవకాశం పెరుగుతుంది. అదే సమయంలో వందలో ఆరుగురికి మెదడులో నెత్తురు కారుతుంది, అందులో ప్రాణాలు పోవచ్చు. "అడగాల్సింది ఏమన్నా ఉంటే అడగండి, అయితే మీరు ఆలోచించే ప్రతి నిమిషం ఆయన మెదడులోంచి పోతుంది" అంది. అమ్మ వైపు చూశాను. "పెట్టు" అంది. బీపీ 190ల్లో ఉంటే మందిచ్చి దించారు. నాయన బరువు 62 కిలోలు. కిలోకి 0.9 మిల్లీగ్రాముల లెక్కన దాదాపు 56 మిల్లీగ్రాములు, అందులో పదో వంతు ఒక్కసారిగా, మిగతాది గంట సేపు పంపు మీద. 8 గంటల 40కి మొదలైంది. నాలుగు గంటల పది నిమిషాలు.

ఆ నాలుగున్నర గంటలు ఎక్కణ్ణుంచి వచ్చాయో నాకు ఆ రోజు తెలియదు. ఐసీయూ బయట ఆ రాత్రి ఫోన్‌లో చదివాను, తర్వాత డాక్టరమ్మని అడిగి తప్పులు దిద్దుకున్నాను. నాయనకి ఎక్కించిన ఈ ఆల్టిప్లేజ్ అనే మందు పక్షవాతంలో పనిచేస్తుందని మొదట గట్టిగా తేల్చింది 1995లో అమెరికాలో జరిగిన పరిశోధన, 624 మంది మీద. అందులో పెట్టిన గడువు 3 గంటలే. ఆ వందలో ఆరుగురి లెక్కా అందులోదే: మందు తీసుకున్న వాళ్ళలో 6.4 శాతం మందికి నెత్తురు కారి పరిస్థితి విషమించింది, తీసుకోని వాళ్ళలో 0.6 శాతం మందికి. పదమూడేళ్ళ పాటు లోకమంతా ఆ 3 గంటల గీత మీదే ఆగింది. 2008లో ఐరోపాలో జరిగిన ఎకాస్ 3 అనే పరిశోధన ఆ గీతని నాలుగున్నరకి జరిపింది. 3 గంటలు దాటి నాలుగున్నర లోపు ఉన్న 821 మందిని తీసుకుని, 418 మందికి అసలు మందు, 403 మందికి మందు లేని ద్రవం ఇచ్చారు. ఏది ఎవరికి పోతోందో రోగికీ తెలియదు, ఇచ్చే డాక్టరుకీ తెలియదు. మూడు నెలలకి చూస్తే మందు తీసుకున్న వాళ్ళలో 52 శాతం మంది దాదాపు మామూలుగా ఉన్నారు, తీసుకోని వాళ్ళలో 45 శాతం.

ఏడు శాతం తేడా. బళ్ళో పిల్లలకి చెప్పినట్టు చెప్పాలంటే, పద్నాలుగు మందికి ఇస్తే అదనంగా ఒకరు బాగుపడతారు. ఆ ఒక్కరు మా నాయనేనా అన్నది ఎవరూ చెప్పలేరు. నేను ఎక్కువగా తలచుకునేది ఆ 403 మందిని. ఎక్కడో ఐరోపాలో ఏదో ఊళ్ళో చెయ్యి పడిపోయిన మనిషి పక్కన, నాలాంటి కొడుకో కూతురో నిలబడి, మా వాడికి అసలు మందు దక్కకపోవచ్చని తెలిసి కూడా సంతకం పెట్టారు. వాళ్ళు పెట్టకపోతే నాలుగు గంటల పది నిమిషాలకి ఒంగోల్లో మా నాయన చేతికి సూది గుచ్చేవాళ్ళు కాదు. అంతకు ముందు పరిశోధన అనే మాట వింటే నాకు ఎలుకలూ, గాజు గొట్టాలూ గుర్తొచ్చేవి.

సాయంత్రానికి కుడి కాలు మంచం మీద నుంచి జానెడు లేచింది. చెయ్యి లేవలేదు. మాట రాలేదు.

ఆ రాత్రి అమ్మ చేసిన పని, ఒక నర్సమ్మ ఆపిన పని చెప్పాలి. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదని అమ్మ గిన్నెలో పల్చని గంజి తెచ్చి చెంచాతో పట్టబోయింది. నర్సమ్మ పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. "అమ్మా, మింగుడు పరీక్ష కాలేదు" అంది. మాకు అర్థం కాలేదు. ఆమె నాయనని నిటారుగా కూర్చోబెట్టి, చెంచాలో కాసిని మంచినీళ్ళు నాలుక మీద వేసి, గొంతు మీద రెండు వేళ్ళు పెట్టి చూసింది. నాయన మింగాడు. మింగిన రెండు క్షణాలకి దగ్గు వచ్చింది, తర్వాత గొంతు తడిగా, నీళ్ళలోంచి మాట్లాడినట్టు అయింది. "చూశారా, సగం ఊపిరితిత్తుల్లోకి పోతోంది. ఆ గంజి పట్టి ఉంటే న్యుమోనియా వచ్చేది" అంది. ముక్కులోంచి రైల్స్ ట్యూబు వేశారు, తొమ్మిది రోజులు ఉంచారు. అమ్మ మొదట్లో ఆ గొట్టం చూసి ఏడ్చింది, మూడో రోజుకి గంజి, మజ్జిగ, రాగిజావ తనే వడగట్టి పోయడం నేర్చుకుంది.

ఇది నర్సమ్మ సొంత తెలివి మాత్రమే కాదు. ఆస్ట్రేలియాలో 19 ఆసుపత్రుల్లో నర్సులకి మూడే మూడు పనులు నేర్పి చూశారు: జ్వరం చూడటం, షుగరు చూడటం, మింగుడు చూడకుండా నోటికి ఏమీ ఇవ్వకపోవడం. ఫలితాలు 2011లో వచ్చాయి. 90 రోజులకి చనిపోయిన వాళ్ళో, ఇతరుల మీద ఆధారపడ్డ వాళ్ళో మామూలు వార్డుల్లో 58 శాతం ఉంటే, ఈ మూడూ నేర్పిన వార్డుల్లో 42 శాతమే. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. ఒక థర్మామీటరు, ఒక షుగరు స్ట్రిప్పు, ఒక చెంచా నీళ్ళు. వేల రూపాయల ఇంజెక్షను గురించి అందరూ అడుగుతారు, ఈ చెంచా గురించి ఎవరూ అడగరు. మన ఇళ్ళల్లో పక్షవాతం వచ్చిన మనిషికి బంధువులు వచ్చీ రాగానే కాఫీ పట్టడం నేను ఎన్నిసార్లు చూశానో.

ఇంకో తొందర మా మామయ్యది. మూడో రోజు దాకా ఆగకుండా రెండో పొద్దున్నే "లేపి నడిపించండి, పడుకోబెడితే అట్టాగే బిగుసుకుపోతాడు" అని పట్టుబట్టాడు. ఫిజియోథెరపీ చేసే అబ్బాయి ఓపిగ్గా చెప్పాడు. మొదటి 24 గంటల్లోనే ఎక్కువసార్లు, ఎక్కువసేపు లేపి నిలబెడితే మంచిదా అని అయిదు దేశాల్లో 2,104 మంది మీద చూశారట, 2015లో అచ్చయింది. మంచిది కాలేదు. మామూలు పద్ధతిలో ఉన్నవాళ్ళే కాస్త మెరుగ్గా ఉన్నారు. పొద్దుటికి పది నిమిషాలు, సాయంత్రానికి పది నిమిషాలు, మంచం అంచున కూర్చోబెట్టడం, అంతే. మామయ్యకి నచ్చలేదు గానీ ఊరుకున్నాడు.

పదకొండో రోజు ఇంటికి తెచ్చాం. ఇంటి దగ్గర జరిగింది నిజానికి ఆసుపత్రి కంటే పెద్ద కథ. వచ్చిన ప్రతివాళ్ళూ ఒక ఊరి పేరు చెప్పారు. చిత్తూరు వైపు ఎక్కడో ఆకు పసరు పోస్తారని ఒకరు, పావురాన్ని కోసి నెత్తురు వెచ్చగా ఉండగానే మర్దనా చేస్తే నరం లేస్తుందని ఒకరు. మా పెద్దమ్మ నిజంగానే గంపలో రెండు పావురాల్ని తెచ్చింది. ఆమె ప్రేమని ఎట్టా కాదంటాం. పావురాల్ని డాబా మీద వదిలేసి, "పెద్దమ్మా, నువ్వు రోజూ వచ్చి నాయన చేత అంకెలు చెప్పించు, అది నువ్వే చెయ్యాలి" అన్నాను. ఆమె మూడు నెలలు వచ్చింది.

అంకెల సంగతి చెప్పాలి. నాయనకి అమ్మ పేరు రావడం లేదు. గ్లాసుని చూపిస్తే గ్లాసు అనలేడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి, కోపం వచ్చేది, చేత్తో మంచం కోడుని కొట్టేవాడు. స్పీచ్ థెరపీ చేసే అమ్మాయి ఒకసారి ఒంగోలు నుంచి వచ్చి, ఆయన ఏం పని చేసేవాడని అడిగింది. చెప్పాం. ఆమె వీపు వైపు కూర్చుని, బ్యారన్‌లోకి ఆకు కట్టిన కర్రలు ఎక్కించేటప్పుడు లెక్కపెట్టే వరసలో "ఒకటి... రెండు..." అని ఊరుకుంది. నాయన "మూడు" అన్నాడు. తర్వాత నాలుగు, అయిదు, ఆగకుండా నలభై దాకా పోయాడు. ఇంట్లో వాళ్ళంతా గడపలోనే నిలబడిపోయాం. ఎన్నో ఏళ్ళుగా వరసగా నోటికి వచ్చేసిన మాటలు మెదడులో వేరే దారిన దాక్కుంటాయట, అందుకే పేర్లు పోయినా అంకెలు, వారాలు, పాటలు ముందు తిరిగి వస్తాయి. అక్కణ్ణుంచి మాటల్లోకి మెల్లగా దారి వేసుకోవాలి. అమ్మ పేరు రావడానికి ఇంకా ఏడు వారాలు పట్టింది.

ఈ మధ్యలోనే ఒకటి చదివి నీరసపడ్డాను. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో, 1,250 మంది మీద అటెండ్ అనే పరిశోధన జరిగింది. పక్షవాతం వచ్చిన మనిషి కుటుంబానికి ఇంటి దగ్గర చేయించాల్సిన కసరత్తులు నేర్పి పంపిస్తే ఉపయోగమా అని చూశారు. లూథియానా క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి చెందిన డాక్టర్ జయరాజ్ పాండియన్ అందులో ముఖ్యుల్లో ఒకరు. 2017లో ఫలితం వచ్చింది: తేడా లేదు. ఆరు నెలలకి చనిపోయిన వాళ్ళూ, ఆధారపడ్డ వాళ్ళూ రెండు పక్కలా 47 శాతమే. నేను ఆ రాత్రి నాయన చెయ్యి పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే తెరుస్తూ, మరి ఇదంతా ఎందుకు అనుకున్నాను.

ఫిజియోథెరపీ అబ్బాయిని నిలదీశాను. అతను దాటెయ్యలేదు. "అవును సార్, కుటుంబానికి కాసేపు నేర్పి పంపించడం, శిక్షణ పొందిన మనిషి చేసే పనికి బదులు కాదని తేలింది. కసరత్తే పనికిరాదని కాదు. పైగా మామూలు వైద్యం అందిన వాళ్ళూ ఖాళీగా కూర్చోలేదు, వాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళూ ఏదో ఒకటి చేసే ఉంటారు" అన్నాడు. అందుకని డబ్బు కష్టమైనా వారానికి మూడు రోజులు అతన్ని పిలిపించుకున్నాం. ఫలితం రాలేదని దాచకుండా అచ్చేసిన ఆ డాక్టర్ల మీద నాకు గౌరవం పెరిగింది. అట్టా అచ్చేయకపోతే ప్రభుత్వాలు ఇంటివాళ్ళకే అప్పజెప్పి చేతులు దులుపుకునేవి. పల్లెల్లో ఫిజియోథెరపీ మనుషులు కావాలని అడగడానికి ఆ కాగితమే ఆధారం.

రెండోసారి రాకుండా చూసుకోవడం గురించి. మా నాయనకి బీపీ ఉందని నాలుగేళ్ళ ముందే తెలుసు. ఆరు నెలలు మాత్రలు వేసుకుని, "తలనొప్పి కూడా లేదు, ఎందుకివి" అని మానేశాడు. రోజుకి మూడు చుట్టలు. పొగాకు పండించే ఇంట్లో చుట్ట మానమని చెప్పడం ఎంత కష్టమో మా వైపు వాళ్ళకే తెలుసు. పంట మీద కోపం తెచ్చుకోలేం, దాని మీదే నేను చదువుకున్నాను. 22 దేశాల్లో చేసిన ఇంటర్‌స్ట్రోక్ అనే పరిశోధన 2010లో తేల్చిందేమిటంటే, పక్షవాతం ముప్పులో దాదాపు 90 శాతం పది కారణాల్లోనే ఉంది, అందులో అన్నిటికంటే పెద్దది బీపీ, పొగ తాగడం కూడా ముందు వరసలోనే. ఆ పదిలో మా నాయనకి కనీసం మూడు ఉన్నాయి.

మూడోది తిండి, మా ఇంట్లో అయితే ముఖ్యంగా ఉప్పు. ఆవకాయ, ఎండు చేపలు, మజ్జిగలో కూడా ఉప్పు. చైనాలో 600 పల్లెల్లో దాదాపు 21 వేల మంది మీద ఒక పరిశోధన చేశారు, 2021లో వచ్చింది. పక్షవాతం వచ్చిన వాళ్ళు, లేదా అరవై దాటి బీపీ ఉన్నవాళ్ళు. సగం పల్లెలకి మామూలు ఉప్పుకి బదులు నాలుగో వంతు పొటాషియం కలిపిన ఉప్పు ఇచ్చారు. పక్షవాతాలు 14 శాతం తగ్గాయి. పల్లెల్లో చేసింది కాబట్టి నాకు ఇది బాగా నచ్చింది, వెంటనే ఆ ఉప్పు కొనబోయాను. డాక్టరమ్మ ఆపింది. "మీది ప్రకాశం జిల్లా. ముందు క్రియాటినిన్ చూపించండి" అంది. కిడ్నీలు ఎట్టా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష అది. కనిగిరి వైపు కిడ్నీ జబ్బులు ఎంతమందికి ఉన్నాయో మనకి తెలుసు. కిడ్నీ దెబ్బతిన్న మనిషికి ఆ పొటాషియం ఒంట్లో పేరుకుని గుండె ఆపేయొచ్చు. నాయన కిడ్నీలు బాగున్నాయి, వాడుతున్నాం. మా ఎదురింటాయనకి మాత్రం వద్దన్నారు.

మాత్రలు మానకుండా ఉండటానికి డాక్టరమ్మ ఫోన్‌కి మెసేజీలు పంపిస్తుంటుంది. ఇది కూడా మన దేశంలో 31 ఆసుపత్రుల్లో, 4,298 మంది మీద, 12 భాషల్లో మెసేజీలు, వీడియోలు, ఒక పుస్తకం ఇచ్చి చూశారు, స్ప్రింట్ ఇండియా అని పేరు. ఏడాదిలో మళ్ళీ పక్షవాతం, గుండెపోటు రావడం తగ్గలేదు, ఇక లాభం కనపడదని మధ్యలోనే ఆపారు. అయితే మందులు వేసుకోవడం, తాగుడు మానడం మాత్రం మెరుగుపడ్డాయి. మా ఇంట్లో మెసేజీ కంటే అమ్మ కళ్ళే ఎక్కువ పనిచేస్తాయి. రాత్రి ఎనిమిదింటికి మాత్ర అరచేతిలో పెట్టి, నోరు తెరిపించి చూస్తుంది. చుట్ట మాత్రం మొదటి రోజునుంచే పోయింది. ఒకసారి పాత చుట్ట ఒకటి అరుగు మీద కనపడితే నాయనే ఎడం చేత్తో విరిచి పారేశాడు.

మూడు నెలలకి పరీక్షకి పోతే డాక్టరమ్మ సున్నా నుంచి ఆరు దాకా ఉండే ఒక కొలతలో ఆయన్ని 3 అని రాసింది, ఆరు నెలలకి 2 అయింది. 2 అంటే తన పనులు తను చేసుకుంటాడు, మునుపు చేసినవన్నీ చెయ్యలేడు. చొక్కా బొత్తాములకి ఇప్పటికీ అమ్మ కావాలి. మాటల మధ్య వెతుక్కుంటాడు, దొరుకుతాయి. ఈ సీజన్లో బ్యారన్ తమ్ముడు చూస్తున్నాడు, నాయన పక్కన కుర్చీలో కూర్చుని కట్టె ఎక్కువైందని చేత్తో సైగ చేస్తుంటాడు.

పోయిన నెల ఆర్‌ఎంపీ దగ్గరికి నేనే పోయాను. పోవడానికి ఏడాది పైన పట్టింది, కోపం తగ్గాలి కదా. జరిగిందంతా గడియారం ప్రకారం చెప్పాను, ఆ ముక్కాలు గంటతో సహా. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "మరి మూతి వంకర పోయి వస్తే నేనేం చెయ్యాల్సార్, ఊరికే చూస్తా కూర్చోవాలా?" అన్నాడు. వద్దన్నాను. నోట్లో ఏమీ పెట్టొద్దు, చివరిసారి బాగున్న టైము అడిగి కాగితం మీద రాయండి, 108కి ఫోన్ చెయ్యండి, రాత్రి కూడా స్కాన్ ఉండే ఆసుపత్రికి ముందే ఫోన్ చేసి బయల్దేరదీయండి అన్నాను. ఆ నంబరు రాసిచ్చాను. ఆయన బీపీ మిషను పెట్టె మూత తెరిచి, లోపల వైపు ఆ కాగితాన్ని అంటించి, పైన పెన్నుతో పెద్దగా రాసుకున్నాడు: "ఎన్నింటికి?"